ఎనిమిదో రోజు వచ్చిన మెయిల్

సోమవారం సాయంత్రం ఓపీ. బయట ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. నాలుగేళ్ల బాబును భుజాన వేసుకుని ఒక తల్లి లోపలికి వచ్చింది. నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు, ముక్కు కారడం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఉదయం చెవుల వెనక మొదలైన దద్దుర్లు సాయంత్రానికి ముఖమంతా పాకాయి. రెండు రోజుల కిందట ఇంకెక్కడో యాంటీబయాటిక్ సిరప్ రాయించుకున్నారట. టార్చి వేసి గొంతు చూశాను, ఛాతీ విన్నాను. సిరప్ పడలేదేమో, కాకపోతే ఏదో వైరల్ జ్వరం అనుకున్నాను. సిరప్ ఆపించి, జ్వరానికి మందు రాసి పంపేశాను. అంతా కలిపి ఐదు నిమిషాలు.

టార్చి గొంతులోకి వేశాను గానీ చెంపల లోపలికి తిప్పలేదు. తిప్పి ఉంటే దవడ పళ్లకు ఎదురుగా, ఎర్రటి చోట ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించేవేమో. కోప్లిక్ చుక్కలంటారు వాటిని. తట్టుకు, అదే మీజిల్స్‌కు, తప్ప ఇంకే జబ్బుకూ రాని గుర్తు. దద్దుర్లు పైకి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో అవి మాయమవుతాయి. చదువుకునే రోజుల్లో పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. నిజం పేషెంట్‌లో చూసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు.

తర్వాతి వారం మంగళవారం, అంటే ఎనిమిదో రోజున, ఆరోగ్య శాఖ నుంచి ఒక మెయిల్ వచ్చింది. పదకొండు పేజీల పీడీఎఫ్. సాధారణంగా ఇలాంటివి తెరవను. ఆ రోజు ఒక పేషెంట్ రావడం ఆలస్యమైంది కాబట్టి తెరిచాను. ఆరో పేజీలో ఒక పట్టిక, అందులో మూడో వరుస: మా ప్రాంతంలో మూడు వారాలుగా తట్టు కేసులు పెరుగుతున్నాయి.

ఆ వరుస చదివాక ఒళ్లు చల్లబడటం అంటే ఏమిటో తెలిసింది. తట్టు వచ్చినవాళ్ల నుంచి దద్దుర్లకు నాలుగు రోజుల ముందు మొదలుకొని నాలుగు రోజుల తర్వాత వరకూ అది అంటుకుంటుంది. మనిషి గది వదిలి వెళ్లాక కూడా రెండు గంటల వరకు గాలిలో ఉండగలదు. బాబు మా వెయిటింగ్ హాల్లో నలభై నిమిషాలు కూర్చున్నాడు. పక్కన ఉన్నవాళ్లకు రక్షణ ఇవ్వాలంటే 72 గంటల్లోపు టీకా వేయాలి. టీకా వేయలేని పసిపిల్లలకైతే 6 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్, అంటే రక్షణనిచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్, ఇవ్వాలి. ఎనిమిదో రోజున ఆ రెండు తలుపులూ మూసుకుపోయి ఉన్నాయి.

సిస్టర్, నేను రిజిస్టర్ ముందు పెట్టుకుని ఆ సాయంత్రం హాల్లో ఉన్న పద్నాలుగు కుటుంబాలకూ ఫోన్లు చేశాం. వాళ్లలో ఐదు నెలల పాపను బరువు చూపించుకోవడానికి తెచ్చిన తల్లి ఉంది. పాపకు పన్నెండో రోజున జ్వరం వచ్చింది. వారం పాటు ఆసుపత్రిలో ఉండి తేరుకుంది. బాబు రక్త పరీక్షలో కూడా తట్టే అని తేలింది.

తప్పు నాది కాదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. చెంప లోపల చూడాల్సింది నేనే. అలాంటి దద్దుర్లున్న పిల్లవాణ్ణి వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టకూడదని తెలియాల్సిందీ నాకే. నేను అడుగుతున్నది ఇంకొకటి. మూడు వారాలుగా ఎవరి దగ్గరో ఉన్న సమాచారం నా బల్ల మీదికి రావడానికి ఎందుకంత కాలం పట్టింది? వచ్చాక అది ఆరో పేజీలో ఎందుకు దాక్కుంది?

డాక్టరు కాని వాళ్లకు ఒక లెక్క చెబుతాను. జబ్బున్న నూరు మందిలో 95 మందిని పట్టుకుని, జబ్బు లేని నూరు మందిలో 95 మందికి లేదని సరిగ్గా చెప్పే పరీక్ష ఉందనుకోండి. చాలా మంచి పరీక్షే. మా దగ్గరికి వచ్చే వెయ్యి మంది జ్వరం పేషెంట్లలో ఆ జబ్బు 10 మందికే ఉంటే, పరీక్ష పాజిటివ్ అని చెప్పేది దాదాపు 59 మందికి. అందులో నిజంగా జబ్బున్నవాళ్లు తొమ్మిది పది మంది. అంటే పాజిటివ్ వచ్చినా నూటికి 16 వంతులే నమ్మకం. అదే జబ్బు ఊరంతా తిరుగుతూ వెయ్యిలో 200 మందికి ఉందనుకోండి. అదే కిట్టు, అదే డాక్టరు, పాజిటివ్‌లు 230 వస్తాయి. వాటిలో 190 నిజమైనవి. నమ్మకం 83 శాతానికి దగ్గరవుతుంది.

పరీక్ష మారలేదు, పేషెంట్ మారలేదు. మారిందల్లా చుట్టుపక్కల ఏం జరుగుతోందన్నదే. అది నాకు తెలియకపోతే నా చేతిలోని రిపోర్టు కాగితాన్ని కూడా నేను సరిగ్గా చదవలేను. స్టెతస్కోపుతో వినేది కొంత, కళ్లతో చూసేది కొంత, పక్క వీధిలో ఏం తిరుగుతోందో తెలియడం కొంత. ఈ మూడోది నేను సొంతంగా సంపాదించుకోలేను. చిన్న క్లినిక్‌లో కూర్చునే మాలాంటి వాళ్లకు రోజుకు కనిపించేది ముప్పై నలభై మంది. ముగ్గురికి ఒకేలాంటి వాంతులైతే అది మామూలో కాదో చెప్పడానికి మా దగ్గర కొలబద్ద లేదు. పది క్లినిక్‌ల లెక్కలు ఒకచోట చేర్చి చూసేవాళ్లకే అది కనిపిస్తుంది.

ఇక ఆ పదకొండు పేజీల సంగతి. మొదటి పేజీలో ఒక సమావేశం ఫోటో. రెండో పేజీలో ఆ సమావేశంలో ఎవరెవరు మాట్లాడారో. మూడు, నాలుగు పేజీల్లో గత త్రైమాసికంలో సాధించిన లక్ష్యాల శాతాలు. ఐదో పేజీలో చేతులు కడుక్కోవడం గురించి ఒక బొమ్మ. తట్టు పట్టిక కింద ఒకే ఒక వాక్యం: "సంబంధిత వైద్య సిబ్బంది అందరూ అప్రమత్తంగా ఉండవలసిందిగా కోరడమైనది."

ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. అప్రమత్తంగా ఉండటం అంటే ఏం చేయాలి? ఎవరైనా నన్ను అప్రమత్తంగా ఉండమంటే నేను కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంటాను. అంతకు మించి ఏం చేయాలో తెలియదు. "సంబంధిత" అంటే నేనా? "కోరడమైనది", కోరింది ఎవరు? ఫోన్ చేయాలంటే ఎవరికి చేయాలి? రేపు ఏదైనా అటూ ఇటూ అయితే "మేం ముందే చెప్పాం" అనడానికి ఈ వాక్యం పనికొస్తుంది. నా బల్ల ముందు కూర్చున్న పిల్లవాడికి మాత్రం పనికిరాదు.

ఆ మెయిల్‌లో ఉండాల్సింది ఇంతే అనుకుంటాను: "ఫలానా ప్రాంతంలో మూడు వారాల్లో ఇన్ని తట్టు కేసులు. జ్వరం, దద్దుర్లు, వాటితో పాటు దగ్గుగానీ జలుబుగానీ ఎర్రటి కళ్లుగానీ ఉంటే తట్టు అనుకోండి. హాల్లో కూర్చోబెట్టకుండా వేరే గదిలోకి తీసుకెళ్లండి. ఫలానా శాంపిల్ తీయండి. ల్యాబ్ రిజల్ట్ కోసం ఆగకుండా ఈ నంబరుకు ఈరోజే ఫోన్ చేయండి." ఫోన్ స్క్రీన్ మీద ఒక్కసారి కూడా జరపకుండా చదవొచ్చు. ఇది రాయడానికి పదిహేను నిమిషాలు చాలు. అయితే రాసేవాళ్లు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది చదివిన డాక్టరు తర్వాతి పేషెంట్ దగ్గర ఏం మార్చుకోవాలి? దానికి జవాబు లేకపోతే ఆ వారం ఏమీ పంపక్కర్లేదు. మిగతా పదిన్నర పేజీలూ ఎక్కడో వెబ్‌సైట్‌లో ఉంచితే చాలు, కావలసినవాళ్లు చూసుకుంటారు.

పంపకపోవడం కూడా పనే. దీన్ని ఒప్పుకోవడానికి అధికారులకు మనసు రాదు, తెలుసు. సమాచారం ఎంత పంపితే అంత మంచిదని ఒక నమ్మకం. 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం దీన్నే పరీక్షించింది. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టుల వంటివారికి ప్రజారోగ్య సందేశాలు పంపి, కొన్నాళ్లకు ఏం గుర్తుందని అడిగారు. వారానికి వచ్చే సందేశాల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ అసలు సందేశం గుర్తుండే ఆడ్స్ (గుర్తున్నవాళ్లకూ గుర్తులేనివాళ్లకూ మధ్య నిష్పత్తి) 41 శాతం చొప్పున పడిపోయాయి. ఆ సంఖ్య చూసి నాకు ఆశ్చర్యం వేయలేదు. మాకు పైనుంచి వచ్చేవి, మందుల కంపెనీల నుంచి వచ్చేవి, సంఘాల నుంచి వచ్చేవి, గ్రూపుల్లో తేదీ లేకుండా తిరిగే స్క్రీన్‌షాట్లు అన్నీ ఒకే ఇన్‌బాక్స్‌లో పడతాయి. వాటన్నిటి మీదా "అత్యవసరం" అనే ఉంటుంది.

అమెరికా జాతీయ ప్రజారోగ్య సంస్థ సీడీసీ డాక్టర్లకు హెచ్చరికలు పంపడానికి నడిపే హెల్త్ అలర్ట్ నెట్‌వర్క్‌లో దీనికో పద్ధతి ఉంది. "అలర్ట్" అంటే వెంటనే పట్టించుకోవాల్సింది. "అడ్వైజరీ" అంటే ముఖ్యమే గానీ ఈ క్షణమే ఏదైనా చేయాల్సి ఉండకపోవచ్చు. "అప్‌డేట్" అంటే కొత్త వివరాలు, బహుశా వెంటనే చేయాల్సిందేమీ ఉండదు. పేరు చూస్తేనే ఇప్పుడు చదవాలా, రాత్రికి చదవొచ్చా తెలిసిపోతుంది. మా దగ్గర మాత్రం తట్టు ప్రబలడమూ, సమావేశం ఫోటోలూ ఒకే "అప్‌డేట్"లో వచ్చాయి. (ఆ ఫోటోలో ఒకాయన నిద్రపోతున్నాడని సిస్టరే కనిపెట్టింది. నేను గమనించలేదు.)

ఆలస్యం గురించి అడిగితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. "ఇంకా నిర్ధారణ కాలేదండీ. తొందరపడి చెబితే జనం భయపడతారు." ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. తప్పుడు హెచ్చరిక కూడా హాని చేస్తుంది. ఒక చిన్న ప్రాంతంలో రెండే కేసులున్నప్పుడు వయసు, వీధి చెప్పేస్తే ఆ కుటుంబం ఎవరో అందరికీ తెలిసిపోతుంది. కానీ నిర్ధారణ అయ్యేదాకా ఆగడమే జాగ్రత్త అనుకునేవాళ్లకు 1999లో న్యూయార్క్‌లో జరిగింది చెప్పాలని ఉంటుంది.

ఆ ఆగస్టులో క్వీన్స్‌లోని ఫ్లషింగ్ ఆసుపత్రిలో డెబోరా ఆస్నిస్ అనే అంటువ్యాధుల డాక్టరుకు మెదడువాపుతో పాటు కండరాలు బాగా నీరసించిన పెద్ద వయసు పేషెంట్లు ఇద్దరు వరసగా కనిపించారు. ఆమె నగర ఆరోగ్య శాఖకు ఫోన్ చేసింది. ఏం జబ్బో ఆమెకు తెలియదు. ఇద్దరూ ఒకేలా ఉండటం మామూలుగా లేదని మాత్రమే తెలుసు. ఆరోగ్య శాఖ వాళ్లు మిగతా ఆసుపత్రుల్లో వెతికితే అలాంటివి ఇంకా బయటపడ్డాయి. సెప్టెంబరు 3న ఇది సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు జబ్బు అని ప్రకటించి, దోమల మందు కొట్టడం మొదలుపెట్టారు. ఆ పేరు తప్పు. అదే కాలంలో నగరంలో కాకులు చచ్చిపడుతున్నాయి, బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో పక్షులూ చనిపోతున్నాయి. అక్కడి పశువైద్య నిపుణురాలు ట్రేసీ మెక్‌నమారా ఈ రెండింటికీ సంబంధం ఉందని పట్టుబట్టింది. నెలాఖరుకు అసలు పేరు తేలింది: వెస్ట్ నైల్ వైరస్. పశ్చిమార్ధగోళంలో అంతకు ముందెప్పుడూ కనిపించనిది.

ఇందులో నాకు నచ్చేది ఆ తప్పే. రెండు వైరస్‌లూ ఒకే కుటుంబానివి కాబట్టి రక్త పరీక్ష వాటిని కలిపేసింది. కానీ రెండూ వ్యాపించేది దోమల వల్లనే. అందుకే పేరు తప్పినా చెప్పిన జాగ్రత్త తప్పలేదు. మూడు వారాలు ఆగి సరైన పేరుతో చెప్పి ఉంటే ఆ మూడు వారాలూ దోమలు కుట్టేవి. "ఇది ఏమిటో ఇంకా తేలలేదు. ఈలోపు ఇది చేయండి. తేలగానే చెబుతాం" అనే మూడు ముక్కలు ఏ డాక్టరునూ భయపెట్టవు. మేం రోజూ పేషెంట్లతో మాట్లాడేది అలాగే కదా.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయానికి వస్తాను. బాబు కేసును నేను రిపోర్టు చేశాను. ఫారం నింపాను, శాంపిల్ పంపాను, రెండుసార్లు ఫోన్ చేశాను. పాప కేసు కూడా అలాగే పంపాను. ఆ తర్వాత అటునుంచి ఒక్క ముక్క రాలేదు. ల్యాబ్ రిజల్ట్ కూడా బాబు తండ్రి తెచ్చి చూపిస్తే తెలిసింది. నా రెండు కేసులు ఎక్కడికి వెళ్లాయి, ఇంకెన్నిటితో కలిశాయి, ఒకే గొలుసులోవా వేర్వేరా, నాకు తెలియదు. తోటి డాక్టర్లను అడిగితే నవ్వారు. "నువ్వింకా రిపోర్టులు పంపుతున్నావా?" అన్నాడొకాయన. ఆయన వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగాడు.

సీడీసీలో అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్ అనే ఎపిడెమియాలజిస్టు (జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చదివే నిపుణుడు) 1963లో వ్యాధి నిఘా అంటే ఏమిటో నిర్వచించాడు. లెక్కలు సేకరించడం, ఒకచోట చేర్చడం, విశ్లేషించడం వరకు అందరూ చెప్పేదే. ఆయన అక్కడితో ఆపలేదు. ఆ లెక్కలనూ వాటి అర్థాన్నీ వాటిని పంపినవాళ్లందరికీ, తెలియాల్సిన మిగతావాళ్లందరికీ క్రమం తప్పకుండా తిరిగి చేరవేయడం నిఘా అనే భావనలోనే ఉందన్నాడు. మొదట చెప్పింది పంపినవాళ్ల గురించి. ఊరికే మర్యాద కోసం చెప్పాడనుకోను. జవాబు రాని చోటికి మనుషులు ఎంతకాలం ఉత్తరాలు రాస్తారు? రిపోర్టులు ఆగిపోతాయి. ఆగిపోయాక పట్టికలో సున్నాలు కనిపిస్తాయి. సున్నాలు చూసి అంతా బాగుందనుకుంటారు.

తిరిగి చేరవేస్తే ఏమవుతుందో చూపించే పాత కాగితం ఒకటుంది. సీడీసీ వారపత్రిక ఎంఎండబ్ల్యూఆర్‌లో 1981 జూన్ 5న చిన్న రిపోర్టు వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో అంతకు ముందు ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకులకు, మామూలుగా రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్లకే వచ్చే ఒక రకం న్యుమోనియా వచ్చిందని. రాసింది మైకేల్ గాట్లీబ్, ఆయన తోటి డాక్టర్లు. కారణం తెలియదు, జబ్బుకు పేరు లేదు. అది చదివిన డాక్టర్లు వేరే నగరాల నుంచి "మా దగ్గరా ఇలాంటివాళ్లున్నారు" అని చెప్పడం మొదలుపెట్టారు. జులై 3న న్యూయార్క్, కాలిఫోర్నియాలలో కపోసి సార్కోమా అనే అరుదైన క్యాన్సర్ కేసులు 26 వచ్చాయన్న రిపోర్టు వెలువడింది. ఎయిడ్స్ కథ లోకానికి తెలియడం అలా మొదలైంది. దానికి ముందు ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. ఆ న్యుమోనియాకు వాడే పెంటమిడిన్ అనే అరుదైన మందు సీడీసీ దగ్గరే దొరికేది. ఈ మధ్య దాని కోసం మామూలు కంటే ఎక్కువ అభ్యర్థనలు వస్తున్నాయని, కారణం అంతు చిక్కడం లేదని అక్కడ మందులు పంపే పని చూసే సాండ్రా ఫోర్డ్ గమనించి పై అధికారికి రాసింది. ఆవిడ డాక్టరు కాదు.

మా క్లినిక్‌లో కూడా ముందుగా గమనించేది చాలాసార్లు సిస్టరే. తలుపు దగ్గర పేరు రాసుకునేది ఆమె, దగ్గు మొదట వినేది ఆమె. కానీ ఏ అప్‌డేటూ ఆమెకు రాదు. 2014 సెప్టెంబరులో లైబీరియా నుంచి అమెరికాలోని డాలస్ వచ్చిన ఒకాయన జ్వరంతో ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాడు. ఎబోలా గురించి సీడీసీ హెచ్చరికలు జులై నుంచే వెళుతున్నాయి. నర్సు అడిగింది, ఆయన ఆఫ్రికా నుంచి వచ్చానన్నాడు, ఆమె రాసుకుంది కూడా. అయినా యాంటీబయాటిక్స్ ఇచ్చి ఇంటికి పంపేశారు. 28న అంబులెన్సులో తిరిగి వచ్చాడు, అక్టోబరు 8న చనిపోయాడు. ఆయనకు సేవ చేసిన ఇద్దరు నర్సులకు సోకింది. హెచ్చరిక చేరింది, ప్రశ్న అడిగారు, జవాబు దొరికింది. ఆ జవాబుకు, నిర్ణయం తీసుకునే మనిషికి మధ్య ఎక్కడో తెగిపోయింది. దీన్ని ఎంత బాగా రాసిన మెయిలూ ఒక్కటే సరిచేయలేదు. ఇది మా ఇంటి పని, మేమే చేసుకోవాలి.

యాంటీబయాటిక్స్ మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే ఏ మందు పనిచేస్తుందన్నది పుస్తకంలో ఉండదు, మా చుట్టుపక్కల ల్యాబుల కల్చర్ రిపోర్టుల్లో (క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షల్లో) ఉంటుంది. వాటిని కలిపి ఏడాదికోసారి వేసే పట్టికను యాంటీబయోగ్రామ్ అంటారు. ఒక్కో క్రిమికి కనీసం 30 శాంపిళ్లుంటేనే ఆ శాతాలను నమ్మొచ్చన్నది నియమం. చిన్న ల్యాబులకు విడివిడిగా అన్ని ఉండవు, ప్రాంతం మొత్తం కలిపితే ఉంటాయి. నేను రోజూ వాడుకోగలిగిన అప్‌డేట్ ఏదైనా ఉందంటే అదే. అది నాకు ఇంతవరకూ ఒక్కసారి కూడా రాలేదు.

పాప ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన రోజు సిస్టర్ ఒక తెల్ల కాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో రాసింది: "జ్వరం, ఒంటి మీద దద్దుర్లు ఉన్న పిల్లలు హాల్లో కూర్చోవద్దు. ముందు నాకు చెప్పండి." తలుపుకు అతికించింది. కింద తేదీ వేయమన్నాను, వేసింది.

తట్టు ప్రబలినప్పుడు చివరి కేసు తర్వాత 42 రోజులు కొత్త కేసు లేకపోతే అది ముగిసినట్టు లెక్క. వైరస్ ఒంట్లో దాగి ఉండగల గరిష్ఠ కాలం 21 రోజులు, దానికి రెట్టింపు. ఆ చివరి కేసు ఎప్పుడొచ్చిందో, అసలు వచ్చిందో లేదో చెప్పగలిగినవాళ్లు మా క్లినిక్‌లో లేరు. ఆ తర్వాత రెండు పీడీఎఫ్‌లు వచ్చాయి. రెండూ మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒకదానిలో తట్టు మాటే లేదు. రెండో దానిలో ఉంది గానీ అది మొత్తం రాష్ట్రం లెక్క.

కాగితం అంచులు ముడుచుకుపోయాయి, టేపు ఊడుతోంది. నిన్న సిస్టర్ అడిగింది, "మేడమ్, ఇది తీసేయనా, మళ్లీ కొత్తది రాసి పెట్టనా?" అని. టేపు తెచ్చి మళ్లీ అతికించమన్నాను.